నలుగురిలో అన్న మాట

గోదావరి జిల్లాల వాళ్ళంటే మర్యాద అంటారు, ఆ వెంటనే వెటకారం అంటారు. రెండూ నిజమే. "రండి, కూర్చోండి, భోంచేసి వెళ్దురుగాని" అన్న నోటితోనే, ఆ వచ్చినాయన చెయ్యి కడుక్కుని వచ్చేలోపు ఆయన నడక మీదో కొత్త చొక్కా మీదో ఒక మాట అనేసి పంక్తి మొత్తాన్ని నవ్వించగలరు మావాళ్ళు. బయటివాళ్ళకి ఇది భలే సరదాగా ఉంటుంది, సినిమాల్లో విని మా యాస పలకబోయి పలకలేక నవ్వుకుంటారు కూడా. రోజూ ఆ మాటల మధ్య బతికేవాళ్ళకి అంత సరదాగా ఏమీ ఉండదు.

గోదావరి పాయ వశిష్ఠకి అటు కోనసీమలో నా పుట్టిల్లు, ఇటు పాలకొల్లు వైపు అత్తారిల్లు, అంటే రెండు గట్ల వెటకారమూ తిన్నదాన్నే. ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం, మాట తూచి మాట్లాడాలని చెప్పనివాళ్ళు లేరు. తూచడం అంటే ఏమిటి మరి? మెత్తటి మాట ఏరుకోవడమా? నాకైతే అది రెండో సంగతి. ఏ మాట అన్నామన్నదానికంటే ఎవరి ముందు అన్నామన్నదే ఎక్కువ కోస్తుందని నా అభిప్రాయం, ఇన్నేళ్ళు కిటికీ వెనకాల కూర్చుని చూశాక ఇంకా గట్టిపడింది.

ఒక దాళ్వాకి (అంటే రెండో పంటకి) కోతలు మొదలయ్యాక వాన పట్టుకుంది. ఆరబెట్టడానికి చోటు లేక రోడ్డు పక్కన, గుడి ముందు, బడి ఆవరణలో, ఎక్కడ కాస్త సిమెంటు నేల కనిపిస్తే అక్కడ ధాన్యం పోసేశారు. ప్రభుత్వ కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు, ఈ సంగతి రైతుకీ తెలుసు, మాకూ తెలుసు, ఎండ కాయడం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. అప్పుడు ఒక కౌలు రైతు శాంపిల్ సంచి పట్టుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. మిషనులో పోస్తే 20 చూపించింది. కాటా దగ్గరుండే మా పెద్దాయన ఆ అంకె చూసి గొంతు పెంచి, "ఏమండోయ్, ఈ ధాన్యం అమ్మడానికి తెచ్చారా, నారు పోసుకుందామని నానబెట్టి తెచ్చారా?" అన్నాడు. బస్తాలు మోసే ముఠావాళ్ళు నవ్వారు, లారీ డ్రైవరు నవ్వాడు, వెనకాల వరసలో ఉన్న రైతులూ నవ్వారు, వాళ్ళ సంచుల్లో ఉన్నదేమైనా అంతకంటే ఎండిందా అంటే అదీ లేదు. నవ్వొచ్చే మాటే, కాదనను.

ఆయనా నవ్వాడు. "ఆయ్, నిజమేనండి" అంటూ నవ్వి, సంచిలోంచి నాలుగు గింజలు తీసి పంటి కింద పెట్టి కొరికి చూసుకున్నాడు. తేమ ఎంతుందో మిషను చెప్పేశాక ఇంక కొరికి చూడాల్సిన పనేముంది? చేతులకీ నోటికీ ఏదో ఒక పని కావాలి కదా అప్పుడు. మెల్లిగా సంచి మూతి మడిచి, తాడు కట్టకుండానే చంకలో పెట్టుకుని, కుర్రాడు తెచ్చిన టీ అందుకోకుండా గేటు దాటాడు. ఆ సీజన్లో ఆయన ధాన్యం వచ్చింది కానీ ఆయన రాలేదు, కొడుకు వచ్చాడు.

చెప్పాల్సిన విషయంలో తప్పేమీ లేదు. తేమ ఎక్కువుంది, ఇంకో రెండు ఎండలు తగలాలి, ఆరాక తీసుకురండి. ఇదే మాట పక్కకి పిలిచి చెప్పుంటే ఆయన "సరేనండి" అని టీ తాగి వెళ్ళేవాడు, సాయంత్రానికి మర్చిపోయేవాడు కూడా. అంతా తెలిసిన పెద్దాయన గొంతు ఎందుకు పెంచాడంటే, ఆ మాట రైతు కోసం కాదు, నవ్వేవాళ్ళ కోసం. తర్వాత నేను అడిగితే ఏమన్నాడో మీకు చెప్పక్కర్లేదు. సరదాకన్నానమ్మా, ఆయన కూడా నవ్వాడు కదా! మాట పడ్డవాడు నవ్వక ఏం చేస్తాడు, నవ్వకపోతే "అబ్బో, ఈయనకి సరదాగా కూడా అనకూడదు" అని ఇంకో మాట పడాలి.

మా వైపు బతుకంతా నలుగురిలోనే. ఇంటికీ ఇంటికీ మధ్య ప్రహరీ కూడా ఉమ్మడే చాలాచోట్ల. కాలువ రేవు, టీ కొట్టు, పెళ్ళి పందిరి, తీర్థం, ఎక్కడికెళ్ళినా తెలిసినవాళ్ళే. నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్ళే పంటు మీద (రేవు దాటించే పెద్ద పడవ అది), మోటారు సైకిళ్ళ మధ్య ఇరుక్కుని నిలబడి ఉంటే, అవతలి చివర నుంచి ఎవరో దూరపు చుట్టం చెయ్యూపి "ఏం పిల్లా, ఇంకా విశేషం ఏమీ లేదా?" అని అరిచేస్తారు, పంటు గోదారి దాటేదాకా దూకి పారిపోయే వీలు కూడా ఉండదు. నాకు పిల్లల్లేరు. ఆ ప్రశ్న నలుగురూ లేనప్పుడు అడిగితే జవాబు చెప్పడానికి నాకేమీ ఇబ్బంది లేదు, నిజానికి పక్కన కూర్చుని మెల్లిగా అడిగినవాళ్ళతో గంటలు గంటలు మాట్లాడాను కూడా.

ఇదంతా నా చాదస్తమేమో అనుకునేదాన్ని. 2003లో నవోమీ ఐసెన్‌బర్గర్, మాథ్యూ లీబర్‌మన్, కిప్లింగ్ విలియమ్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు. మనిషిని ఎమ్మారై స్కానర్లో పడుకోబెట్టి కంప్యూటర్లో బంతాట ఆడించారు, ఇంకో ఇద్దరు కూడా ఆడుతున్నారని చెప్పారు (నిజానికి అటువైపు మనుషులు లేరు, ప్రోగ్రామే). కాసేపయ్యాక ఆ ఇద్దరూ వాళ్ళలో వాళ్ళే బంతి విసురుకుంటూ ఇతనికి ఇవ్వడం మానేశారు. అంతే, ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. అయినా, ఒంటికి నొప్పి కలిగినప్పుడు పనిచేసే మెదడు భాగాల్లో ఒకటి అప్పుడూ పనిచేయడం స్కాన్‌లో కనిపించింది. ఒంటి నొప్పీ ఈ నొప్పీ నిజంగా ఒకటేనా అని తర్వాత చాలా వాదనలు జరిగాయి, ఆ గొడవ వాళ్ళే తేల్చుకోవాలి. ముక్కూ మొహం తెలియని ఇద్దరు బంతి ఇవ్వకపోతేనే అలా ఉంటే, సొంతవాళ్ళందరూ చుట్టూ కూర్చున్నప్పుడు పక్కకి జరపడం ఎలా ఉంటుందో నేను చెప్పగలను.

మా చిన్నాన్న కూతురి సీమంతం. కుర్చీలో పిల్లని కూర్చోబెట్టి, ఒళ్ళో చలిమిడి పెట్టి, ముత్తయిదువలు ఒక్కొక్కళ్ళే వెళ్ళి గాజులు తొడుగుతున్నారు. నా వంతు వచ్చింది. పళ్ళెంలోంచి ఆకుపచ్చ గాజులు రెండు తీసుకోబోతుంటే, మాకు పెద్దమ్మ వరసయ్యే ఆవిడ "నువ్వుండమ్మా, పిల్లల తల్లులు తొడుగుతారులే" అంది. గట్టిగా అనలేదు, కోపం అసలే లేదు, పళ్ళెం పక్కకి జరిపినంత మామూలుగా అంది. ఆ మాట నాకిప్పుడు సరిగ్గా గుర్తుందో లేదో కూడా చెప్పలేను, కానీ ఆ తర్వాత ఎవరు తల దించుకున్నారో, ఎవరు ఉన్నట్టుండి కుచ్చిళ్ళు సర్దుకున్నారో, వీడియో తీసే అబ్బాయికి "కాస్త ఆగు నాయనా" అని చెయ్యి చూపించింది ఎవరో, అవన్నీ ఒక్కటీ పోలేదు. గాజులు మళ్ళీ పళ్ళెంలో పెట్టేసి వెనక్కి వచ్చాను. భోజనం కూడా చేశాను, గుత్తివంకాయ బాగుంది.

చాలాకాలం నేను అనుకున్నదేమిటంటే, ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ ఆవిడతో ఏకీభవించారని. ఎవరూ నోరు విప్పలేదు కదా. తర్వాతెప్పుడో ఆ సీమంతం పిల్లే, ఇద్దరు పిల్లల తల్లయ్యాక, మాటల్లో మాటగా "అక్కా, ఆరోజు నువ్వెళ్ళాక అమ్మ వంటింట్లో ఏడ్చింది, సాయంత్రం దాకా అందరూ పెద్దమ్మనే తిట్టుకున్నారు తెలుసా" అంది. నాకేం తెలుసు! నేను ఇంటికొచ్చి, ఆ పదిమందీ నన్ను చూసి జాలిపడుతున్నట్టు, లేకపోతే లోలోపల అవునవునంటున్నట్టు ఊహించుకుని కుమిలిపోయాను. వాళ్ళేమో ఆవిణ్ణి తిడుతున్నారు. ఒక్క ఫోను చేసి "అక్కా, ఆవిడ మాట పట్టించుకోకు, మాకెవరికీ నచ్చలేదు" అని ఎవరో ఒకరు అనుంటే సగం బరువు అక్కడే దిగిపోయేది.

అందుకే ఎవరైనా నా దగ్గరకొచ్చి ఫలానా చోట నన్ను ఇలా అన్నారు అని చెప్పుకుంటే, పట్టించుకోకు, ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలెయ్ లాంటివి చెప్పను. అలా వదిలేయగలిగితే వాళ్ళు నా దాకా వచ్చేవాళ్ళే కాదు. అప్పుడు అక్కడ ఎవరెవరున్నారు, వాళ్ళలో నీకు ఇష్టమైనవాళ్ళు ఎవరు, వాళ్ళని అడిగావా అంటాను. చాలామంది అడగరు. అడగాలంటే సిగ్గు. అడిగినవాళ్ళు మాత్రం దాదాపుగా నాలాగే ఆశ్చర్యపోయి వస్తారు, ఎందుకంటే మనం గుర్తుపెట్టుకున్న సభలో మనమే మధ్యలో ఉంటాం, మిగతావాళ్ళ బుర్రలో ఆరోజు కూర, కారు బాడుగ, మోకాలి నొప్పి, ఇలాంటివే ఎక్కువ ఉంటాయి.

ఇంకోటి, ఆ మాటని పదిమందికి చెప్పుకుంటే తేలికవుతుందనేది నేను నమ్మను. నాకు తెలిసినావిడ ఒకావిడ ఉంది, తోడికోడలు అన్న ఒక మాటని కలిసిన ప్రతివాళ్ళకీ చెప్తుంది, ఆవిడ గొంతూ చేతులు తిప్పడమూ అన్నీ చేసి చూపిస్తుంది, చెప్పినప్పుడల్లా బీపీ పెరుగుతుంది తప్ప తగ్గింది లేదు. బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 2002లో ప్రచురించిన ప్రయోగం దీనికి దగ్గరగా ఉంటుంది. విద్యార్థుల చేత వ్యాసం రాయించి, అది చాలా చెత్తగా ఉందని వేరే ఎవరో తిట్టినట్టు కాగితం ఇచ్చి, ఒళ్ళు మండాక కొందరిని ఆ తిట్టినవాణ్ణే తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దమన్నారు, కొందరిని ఊరికే కూర్చోమన్నారు. ఊరికే కూర్చున్నవాళ్ళ కోపమే తక్కువుంది. గుద్దినవాళ్ళకి కసి తీరకపోగా వాళ్ళలోనే కోపం ఎక్కువుంది. ఒక్కరికి చెప్పుకోండి, నమ్మకమైనవాళ్ళకి, ఆ తర్వాత ఇంక చాలించండి అంటాను నేను.

ఆ పెద్దమ్మని నేను తర్వాత ఒకసారి వాళ్ళింట్లోనే అడిగాను, ఎవరూ లేనప్పుడు. "పెద్దమ్మా, సీమంతంలో నన్ను గాజులు తొడగొద్దన్నారు కదా, నాకు చాలా కష్టమనిపించింది" అన్నాను. ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది. "నేనా? ఛ, నేనెందుకంటానే" అంది. నటన కాదు, మర్చిపోయింది. కాఫీ ఇచ్చింది, వెళ్ళేటప్పుడు రెండు కొబ్బరికాయలు సంచిలో పెట్టింది. క్షమాపణ లేదు, కన్నీళ్ళు లేవు, సినిమాల్లోలాగా కౌగిలింతలూ లేవు. నేను అడిగింది ఆవిడ ఒప్పుకోవాలనేం కాదు, ఆ మాట నాలుగు గోడల మధ్య నా నోటితో ఒకసారి బయటికి రావాలని. అది వచ్చింది, చాలు.

అప్పటికప్పుడు ఏం చెయ్యాలని అడుగుతారు అందరూ. ఎదుటివాడి నోరు మూయించే జవాబు ఒకటి రాసివ్వమంటారు. అలాంటివి నా దగ్గర లేవు, ఉన్నా మాటకి మాట పెరిగి చూసేవాళ్ళకి ఇంకో ఆట దొరుకుతుంది తప్ప ఒరిగేదేమీ ఉండదు. నేను చూసినంతలో పనిచేసేది ఒకటే: నవ్వకుండా, కోపం లేకుండా, "అర్థం కాలేదండి, ఏమన్నారు?" అని అడగడం. వెటకారాన్ని రెండోసారి వివరించి చెప్పాలంటే అనేవాడికే మొహం చెల్లదు. అయితే ఇది సమానమైనవాళ్ళ దగ్గరే. జీతమిచ్చే యజమాని దగ్గర, ధాన్యం కొనేవాడి దగ్గర, మీ బతుకు ఎవరి చేతిలో ఉందో వాళ్ళ దగ్గర ఇలా ఎదురు అడగమని నేను చెప్పను. అక్కడ ఊరుకోవడం పిరికితనమేమీ కాదు.

కొన్ని మాటలు ఈ సర్దుబాట్లకి లొంగవు, లొంగకూడదు కూడా. ఎస్సీ, ఎస్టీ వాళ్ళని కులం పేరుతో నలుగురి ముందు అవమానిస్తే అది నేరం, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం జనం చూసే చోట అన్న మాటని ప్రత్యేకంగా పట్టుకుంది. బయటివాళ్ళెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్నది ఆ సెక్షన్ కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది కూడా. అలాగని ఇంట్లో అన్నదంతా ఒప్పయిపోదు. 2005 గృహహింస చట్టం చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, మాటల హింస అంటే ఏమిటో చెబుతూ పిల్లలు లేరని, మగపిల్లాడు లేడని హేళన చేయడాన్ని పేరుపెట్టి మరీ రాశారు అందులో. అంటే పార్లమెంటు దాకా వెళ్ళిన మాట అది, మా పంటు మీద అరిచిన మాట! రోజూ ఇంట్లో అదే నరకమైతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, సర్దుకుపొమ్మని చెప్పేవాళ్ళు ఎటూ చుట్టూ చాలామందే ఉంటారు.

ఇదంతా చదివి వెటకారమే మానేయాలంటోంది ఈవిడ అనుకోకండి. అది లేకపోతే మా ఊళ్ళో పొద్దు గడవదు. సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుణ్ణి మరదళ్ళు ఆడుకుంటారు, ఆయన తిరిగి అంటాడు, అనే హక్కు ఇద్దరికీ ఉంది కాబట్టి ఎవరికీ నొప్పి లేదు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి లంచగొండుల గుట్టు రచ్చకీడ్చారు, ఎగతాళి ఆయన చేతిలో మంచి పదునైన ఆయుధం. అది ఎవరి మీద వాడారో చూడండి, జనం భయపడే పెద్దవాళ్ళ మీద. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వంటకీ నీళ్ళకీ మనుషులు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తనే గోదావరి నీళ్ళు మోసుకొచ్చి వండారని చెబుతారు. అంతమంది వెలివేస్తే తట్టుకుని నిలబడ్డ మనుషుల ఊరు ఇది, మనమేమో తేమ ఎక్కువున్న కౌలు రైతు మీద జోకులేసుకుంటున్నాం.

ఇక నా మటుకు నేను చేసేది చాలా చిన్నది. లెక్కలో తేడా వచ్చినా, బస్తాలు తక్కువ తేలినా, అంకె నోటితో చెప్పను. చీటీ మీద రాసి కిటికీలోంచి వాళ్ళవైపు తిప్పుతాను, వాళ్ళు చూసుకున్నాక "ఒకసారి లోపలికి రండి" అంటాను. లోపల ఎంత కచ్చితంగానైనా మాట్లాడతాను, బస్తా అంటే 75 కేజీలే, నా జాలి చూసి కాటా ముల్లు కదలదు కదా. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎవరినీ తప్పు పట్టను, అది అరవైమంది కూర్చున్న అరుగు, పైగా అక్కడన్న మాట చెరిగిపోదు, మామయ్యగారు ఏడాది తర్వాత కూడా పైకి జరిపి చూపిస్తారు. విడిగా ఫోన్ చేస్తాను. ఫోన్ చేసి చెప్పేంత ఓపిక లేని మాటైతే అసలు చెప్పాల్సిన అవసరమే లేనిదని చాలాసార్లు తేలిపోతుంది.

అన్నిటికంటే నాకు నచ్చిన పద్ధతి మాత్రం మా మిల్లులో ముఠా కుర్రాడిది. చదువు ఎక్కువ లేదు, భుజం మీద తువ్వాలు, చెవిలో ఎప్పుడూ ఒక ఇయర్‌ఫోను. పెద్దాయన ఎవరినైనా అనగానే అందరూ నవ్వుతుంటే వీడు నవ్వడు, కోపంగానూ చూడడు, నేరుగా ఆ మాట పడ్డాయన దగ్గరకెళ్ళి "బాబాయ్, ట్రాక్టరు ఎక్కడ పెట్టారు? రివర్సులో తెచ్చేమంటారా?" అని ఏదో ఒక పని మాట అడుగుతాడు. ఆ మనిషికి నవ్వాల్సిన బాధ తప్పుతుంది, మిగతావాళ్ళ నవ్వు సగంలో ఆగిపోతుంది. ఎవరు నేర్పారురా అంటే "ఏంటి మేడమ్ నేర్పేది, లోడు దిగాలి కదా" అన్నాడు.

పెద్దాయన మారతాడని నేనేం అనుకోవట్లేదు, ఆ వయసులో ఎవరు మారతారు. మొన్న నా కొత్త కళ్ళజోడు చూసి, "అమ్మాయిగారికి ఇన్నాళ్ళూ లెక్కలు కనపడకుండానే రాశారన్నమాట" అన్నాడు, లారీవాళ్ళందరూ వినేలా. నేను నవ్వలేదు. ముఠా కుర్రాడు తలుపు దగ్గర బస్తాలు లెక్కపెట్టుకుంటూ అసలు తలెత్తలేదు. ఆయనొక్కడే కాసేపు నవ్వుకుని, కాటా సున్నా చేసుకోవడానికి వెళ్ళిపోయాడు.